కొండచిలువ తల్లి – నూటముప్పయి ఏళ్ళ అనుమానం



మా సర్జాపుర బెంగుళూరుకు ఆగ్నేయంగా, తమిళనాడు పొలిమేరకు దగ్గరగా ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, హొసూరు సంతకు పోతే తమిళం. మూడు భాషల నీడలో పెరిగిన మా బోటివాళ్ళకు ఒకే వస్తువుకు మూడు పేర్లు ఉండడం వింత కాదు. ఈ రోజు నేను చెప్పబోయే ప్రాణికి కూడా మూడు పేర్లున్నాయి. తెలుగులో కొండచిలువ. తమిళంలో మలైప్పాంబు, అంటే కొండపాము. కన్నడంలో హెబ్బావు, అంటే పెద్దపాము. చీకటి పడ్డాక పాము పేరెత్తకూడదని, ఎత్తవలసి వస్తే ‘పురుగు’ అనాలని మా అవ్వ చెప్పేది. ఆమె క్షమించుగాక, ఈ కాసేపూ ఆ పురుగు సంగతే చెబుతాను. ముఖ్యంగా ఆడ కొండచిలువ సంగతి. అది గుడ్లు ఎలా పెడుతుంది, ఎలా పొదుగుతుంది, ఆ పొదగడాన్ని లోకం నమ్మడానికి ఎన్నేళ్ళు పట్టింది అనేది నేటి విషయం.

ముందుగా నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. అది గొప్పగా చెప్పుకునేది కాదు.

1993వ సంవత్సరం వేసవి. నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మా ఊరి వెలుపల పాడుబడిన రాతిగని ఒకటి ఉండేది. రాయి తీయడం మానేసి చాలా కాలమైంది, ముళ్ళపొదలు కమ్ముకుపోయాయి. పునాదికి రాళ్ళు ఏరుకుందామని పోయిన మనుషులకు అక్కడ ఒక బండ సందులో కొండచిలువ కనిపించింది. ఊరంతా పరుగెత్తింది, నేనూ పరుగెత్తాను. పాము చుట్టలు చుట్టుకుని కూర్చుంది. ఆ చుట్టల సందుల్లోంచి తెల్లగా గుడ్లు కనిపిస్తున్నాయి. అంతమంది చేరినా అది పారిపోలేదు.

గొర్రెలు కాసే ఒక తాత ముందుకొచ్చాడు. “దాన్ని కదిలించొద్దండప్పా. గుడ్లమీద ఉంది. కోడి మాదిరే వేడి పెడతా ఉంది. చూడండి, ఒళ్ళు ఎట్లా అదరతా ఉందో” అన్నాడు.

అప్పుడు నేను నోరు విప్పాను. “తాతా, పాము శీతల రక్త జంతువు. దానికి వేడి ఎక్కడిది? మా పుస్తకంలో రాసుంది” అన్నాను.

పెద్దవాళ్ళు నవ్వారు. “చదువుకునే పిల్లోడు చెబుతున్నాడు కదా” అన్నారు. తాత ఇంకేమీ అనలేదు. కర్రలతో పామును గుడ్ల మీదనుంచి లాగి, గోనెసంచిలో వేసి, బన్నేరుఘట్ట అడవి దిక్కుకు తీసుకుపోయి వదిలారు. చంపలేదు కదా, పుణ్యం చేశామని అనుకున్నారు. గుడ్లు అక్కడే ఉండిపోయాయి. పది రోజుల తరువాత నేను ఒక్కణ్ణే పోయి చూశాను. ముప్పయికి పైగా గుడ్లు, అన్నీ ఎండి ముడుచుకుపోయాయి.

తాత మాట నిజమని, నేను చదివింది సగం నిజమేనని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. బి.ఎడ్. అయి నేనే పిల్లలకు పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు ఈ విషయం వెదికి చదివాను. అప్పుడు తెలిసిందేమంటే, ఆ వేసవిలో నేను చేసిన తప్పునే అంతకు నూటయాభై ఏళ్ళ కిందట పారిస్ నగరంలో మహాపండితులు చేశారు. ఆ చరిత్రే ఇప్పుడు చెబుతాను.

శ్రోతలారా, కొండచిలువ మన సాహిత్యానికి కొత్తది కాదు. సంస్కృతంలో దాని పేరు అజగరం, అంటే మేకను మింగేది. భారతంలో నహుషుడు అగస్త్యుని శాపం వల్ల అజగరమై పడి ఉండి భీముణ్ణి పట్టుకోవడం, ధర్మరాజు దాని ప్రశ్నలకు జవాబులు చెప్పి తమ్ముణ్ణి విడిపించుకోవడం మీకందరికీ తెలిసిన కథే. మన పాత తెలుగులో ‘చిలువ’ అంటే పాము. కొండలో ఉండే చిలువ కొండచిలువ అయింది.

తెలుగులో దీనికి ఇంకొక పేరు కూడా ఉంది. ఆ పేరు మనకు దక్కింది ఒక స్కాట్లండు వైద్యుని వల్ల. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. ముందు అలెప్పో నగరంలో వైద్యుడిగా ఉండి ప్లేగు వ్యాధి గురించి పరిశోధించిన మనిషి. 1780 దశకంలో విశాఖపట్నం వచ్చి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. పాము కాటుతో జనం చనిపోతుంటే, ఏది విషప్పామో ఏది కాదో ముందు తేలాలని పట్టుబట్టాడు. కోరమాండల్ తీరం పాములను సేకరించి, బొమ్మలు గీయించి, 1796లో లండన్‌లో పెద్ద గ్రంథం అచ్చువేయించాడు. అందులోని విశేషం ఏమిటంటే, పాముల పేర్లను ఆయన స్థానికులను అడిగి, వాళ్ళు చెప్పినట్టే రాసుకున్నాడు. ఆ పుస్తకంలో కొండచిలువ పేరు ‘పెద్ద పొడ’. పొడ అంటే మచ్చ. పెద్ద పెద్ద మచ్చల పాము అన్నమాట. రక్తపింజరకు ఆయన రాసుకున్న పేరు ‘కాటుక రేకుల పొడ’. ఎంత చక్కని పేరో చూడండి! ఆ రక్తపింజరకే తరువాత శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరు పెట్టారు.

ఈ రెండు పొడల తేడా మనకు ఇప్పటికీ అవసరమే. కొండచిలువ పిల్లను చూసి రక్తపింజర అనుకుని చంపేవాళ్ళున్నారు. అంతకన్నా ప్రమాదం, రక్తపింజరను చూసి కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకునేవాళ్ళున్నారు. కన్నడంలో కొళకుమండల అనే ఈ రక్తపింజర వీపు మీద మచ్చలు గుండ్రంగా, గొలుసు కట్టినట్టు వరసగా ఉంటాయి. కొండచిలువ మచ్చలు ఒక ఆకారమంటూ లేకుండా, చిరిగిన గుడ్డపీలికల మాదిరి ఉంటాయి. దాని తల మీద బల్లెం మొన లాంటి గుర్తు ఉంటుంది. అనుమానంగా ఉంటే దగ్గరికి పోకపోవడమే మేలు.

ఇక పొదిగే సంగతికి వద్దాం. రస్సెల్ తరువాత కొన్నేళ్ళకు లామార్-పికో అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు మన దేశంలో తిరిగాడు. కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకుని ఉండడం, దాని ఒంటి నుంచి వేడి రావడం ఆయన గమనించాడు. 1830 దశకంలో పారిస్‌లోని విజ్ఞాన అకాడమీ ముందు ఆ సంగతి పెట్టాడు. పండితులు ఒప్పుకోలేదు. పాము తన చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉంటే అంతే వేడిగా ఉంటుంది, అది గుడ్లకు వేడి ఎలా ఇస్తుంది అన్నారు. అంటే, “తాతా, మా పుస్తకంలో రాసుంది” అన్నారు.

కథ అక్కడితో ఆగలేదు. 1841వ సంవత్సరంలో, అదే పారిస్ నగరంలో, ప్రభుత్వ ఉద్యానవనంలోని జంతుశాలలో ఒక ఆడ కొండచిలువ గుడ్లు పెట్టింది. గుడ్లను పోగుచేసుకుని చుట్టుకుని కూర్చుంది. చేపల శాస్త్రంలో పేరుమోసిన వాలెన్సియన్ అనే ఆచార్యుడు ఆ మే, జూన్ నెలల్లో థర్మామీటరు చేతబట్టుకుని దాన్ని గమనించాడు. చుట్టల మధ్య వేడి బయటి గాలి కన్నా చాలా హెచ్చుగా ఉంది. గుడ్లలో కొన్ని పిల్లలయ్యాయి కూడా. ఏ ఊళ్ళో పండితులు కాదన్నారో, ఆ ఊళ్ళోనే పాము వచ్చి సాక్ష్యం చెప్పినట్టయింది.

అప్పటికైనా అనుమానం తీరిందా అంటే, లేదు. లండన్ జంతుశాలలో 1862లో ఒక ఆఫ్రికా కొండచిలువ గుడ్లు పెడితే అక్కడి శాస్త్రజ్ఞులు మళ్ళీ వేడి కొలిచారు. 1881లో ఫోర్బ్స్ అనే ఆయన భారత కొండచిలువ మీద మళ్ళీ కొలిచాడు. ఆయనకు తేడా కొద్దిగానే కనిపించింది. ఆయన తన వ్యాసానికి పేరు పెట్టడంలోనే ‘పెరుగుతుందని చెప్పబడుతున్న వేడి’ అన్నాడు. నలభై ఏళ్ళ తరువాత కూడా అది ‘చెప్పబడుతున్న’ సంగతే అన్నమాట. 1932లో అమెరికాలో బెనెడిక్ట్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు వాషింగ్టన్ జంతుశాలలో పొదుగుతున్న కొండచిలువ చర్మం వేడిని కొలిచి, గాలి కన్నా హెచ్చు ఉందని చూపారు. వేడి ఉందని తేలింది కాని, ఎక్కడినుంచి వస్తున్నదో తేలలేదు.

ఆ జవాబు 1966లో వచ్చింది. న్యూయార్కు జంతుశాలలో గుడ్లు పెట్టిన ఒక ఆడ కొండచిలువను హచిసన్, డౌలింగ్, వినెగర్ అనే ముగ్గురు పరిశోధించారు. చుట్టూ ఉన్న గాలి వేడిని పెంచుతూ తగ్గిస్తూ, పాము ఒంటి వేడినీ, అది పీల్చే ప్రాణవాయువునూ కొలిచారు. గాలి వేడి 33 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువకు పడగానే పాము కండరాలు ఉండి ఉండి అదరడం మొదలైంది. ఆ అదురుతోపాటు అది ఖర్చుచేసే ప్రాణవాయువు పెరిగింది, ఒళ్ళు వెచ్చబడింది. డిసెంబరు తెల్లవారుజామున మనం చలికి వణుకుతాం కదా, ఆ వణుకు వల్ల కొంత వేడి పుడుతుంది. పాము కూడా అదే పని చేస్తున్నది. ఐతే మనం మన కోసం వణుకుతాం, అది గుడ్ల కోసం వణుకుతుంది. పొదగడం అయిపోతే మళ్ళీ మామూలు పామే, గాలి చల్లబడితే తానూ చల్లబడుతుంది.

“ఒళ్ళు ఎట్లా అదరతా ఉందో చూడండి” అన్న తాత మాట గుర్తుందా? ప్రపంచం నూటముప్పయి ఏళ్ళు కొలిచి చెప్పినది ఆయన కంటితో చూసి చెప్పాడు. నేను ఆయన నోరు మూయించిన 1993 నాటికి ఆ పరిశోధన అచ్చై ఇరవైయేడేళ్ళు అయింది. మా పాఠ్యపుస్తకంలోకి అది రాలేదు, అంతే.

ఇక్కడ ఒక చిన్న వివరం చెప్పకపోతే తప్పవుతుంది. పారిస్‌లోనూ న్యూయార్కులోనూ పొదిగినది బర్మా జాతి కొండచిలువ. చాలా కాలం దాన్ని మన కొండచిలువలోనే ఒక ఉపజాతిగా లెక్కపెట్టేవారు. 2009లో రెండింటినీ వేరు జాతులుగా విడదీశారు. మన పెద్దపొడ దానికి చాలా దగ్గరి చుట్టం. గుడ్లను చుట్టుకుని పొదగడంలో రెండింటిదీ ఒకటే పద్ధతి.

ఇప్పుడు ఆడ కొండచిలువ ఒంట్లో ఏం జరుగుతుందో చెబుతాను. ఇది తెలిస్తే ఆ గుడ్ల విలువ ఏమిటో అర్థమవుతుంది.

మన పెరటి కోడి ఈ రోజు తిన్న గింజతో రేపటి గుడ్డు తయారుచేసుకుంటుంది. కొండచిలువ సంగతి అలా కాదు. అది ముందు కూడబెట్టుకుంటుంది, తరువాత ఖర్చుపెడుతుంది. నెలల తరబడి తిన్న తిండిని కొవ్వుగా ఒంట్లో దాచుకుంటుంది. తగినంత కొవ్వు చేరితేనే అండాశయంలో చిన్న గింజల్లాగా ఉన్న అండాలు పచ్చసొన నింపుకుని పెరగడం మొదలుపెడతాయి. కొవ్వు చాలకపోతే ఆ ఏడు గుడ్ల మాటే లేదు. అందుకే ఆడ కొండచిలువ ఏటేటా గుడ్లు పెడుతుందని చెప్పలేం. ఒకసారి పెట్టాక తిరిగి ఒళ్ళు పట్టుకోవడానికి ఒకటి రెండేళ్ళు విరామం తీసుకునేవీ ఉంటాయి.

మన దేశంలో కొండచిలువలు చలికాలంలో జతకడతాయి. వీటి తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గోళ్ళ లాంటివి ఉంటాయి. ఒకప్పుడు ఈ జాతి పూర్వీకులకు కాళ్ళుండేవనడానికి మిగిలిన ఆనవాళ్ళు అవి. మగదానికి అవి పెద్దవి. జతకట్టేముందు వాటితో ఆడదాని ఒంటిని గీకుతుంది. జతకట్టిన వెంటనే గుడ్డు కడుతుందనుకోకూడదు. మగ బీజాన్ని ఆడపాము తన ఒంట్లో కొంతకాలం దాచుకోగలదు. పచ్చసొన పూర్తిగా నిండి, అండం విడుదలైనప్పుడే కలయిక జరుగుతుంది. ఆ తరువాత గుడ్డుకు తోలులాంటి పెంకు కడుతుంది. గుడ్లు పెట్టడానికి కొన్ని వారాల ముందు ఆడపాము ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ రోజుల్లో తిండి ముట్టదు, వెచ్చని చోటు వెదుక్కుంటుంది.

మన ప్రాంతంలో ఎండలు ముదిరే రోజుల్లో, మార్చి నుంచి జూన్ లోపల, బండల సందుల్లోనో, చెట్టు తొర్రలోనో, ముళ్ళపంది వదిలేసిన బొరియలోనో గుడ్లు పెడుతుంది. చిన్న పాముకు పది పన్నెండు గుడ్లు ఉండవచ్చు, పెద్దదానికి వంద దాకా ఉండవచ్చు. అన్నీ ఒక్కసారే. గుడ్లు ఒకదానికొకటి అంటుకుని గుత్తిలాగా అవుతాయి. వాటి చుట్టూ తల్లి చుట్టలు వేసి, పైన తల పెట్టుకుని కూర్చుంటుంది. రెండు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, అలాగే ఉంటుంది. ఆ రోజుల్లో దాదాపు ఏమీ తినదు. ఎండ కాచుకోవడానికో నీళ్ళకో కాసేపు కదిలితే కదులుతుంది. గుడ్లు చల్లబడితే లోపలి పిల్లలు అంకెలు తప్పి, వెన్ను వంకరపోయి పుడతాయి, లేదా చనిపోతాయి. పొడిగాలికి వదిలితే తోలు పెంకులోంచి తడి ఆరిపోయి ముడుచుకుపోతాయి. నేను రాతిగనిలో చూసినది ఆ ఎండిపోవడమే. తల్లి చుట్టలు వేడినే కాదు, తడిని కూడా కాపాడతాయి.

పిల్ల ముక్కు కొసన ఉన్న చిన్న పన్నుతో పెంకు చీల్చుకుని బయటకు వస్తుంది. పుట్టినప్పుడే మూరెడు పొడవుంటుంది. ఆ తరువాత తల్లికి దాని మీద బాధ్యత లేదు. ఒళ్ళు చిక్కి, చర్మం వదులై, తల్లి తన దారిన వేటకు పోతుంది. కూడబెట్టినదంతా ఖర్చయింది కదా, మళ్ళీ మొదటినుంచి కూడబెట్టుకోవాలి. శ్రోతలారా, ఇప్పుడు ఆలోచించండి. పొదుగుతున్న పామును గోనెసంచిలో వేసుకుపోతే పోయేది ఆ ఏటి గుడ్లు మాత్రమే కాదు. దాని రెండు మూడేళ్ళ సంపాదన అంతా పోతుంది.

మన దేశంలో ఈ సంగతులను ఓపికగా గమనించినవాళ్ళు ఉన్నారు. ఒడిశాలోని నందన్‌కానన్ జంతుశాలలో పశువైద్యుడిగా పనిచేసిన ఆచార్య, ఆయన సహచరుడు మిశ్రా అక్కడి కొండచిలువల సంతానోత్పత్తి, పిల్లల పెరుగుదల గురించి 1976లో వ్యాసం ప్రచురించారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనంలో సుబ్రమణియన్ భూపతి అనే శాస్త్రజ్ఞుడు 1980 దశకం నుంచి కొండచిలువల వెంట తిరిగారు. చలికాలం ఎండలో బొరియల ముందు అవి ఎలా పడుకుంటాయో, ఎక్కడ జతకడతాయో, ఎక్కడ గుడ్లు పెడతాయో నోటు పుస్తకాల్లో నింపుకున్నారు. 2014లో అడవిలో పరిశోధన చేస్తూనే ప్రమాదానికి గురై ఆయన కన్నుమూశారు. పాము ముందు గంటల తరబడి కదలకుండా కూర్చోవడం కూడా ఒక చదువే. గొర్రెలు కాసే తాతకు ఉన్నదీ ఆ చదువే.

ఇక మా సర్జాపుర సంగతి. రాగి చేలు, నీలగిరి తోపులు ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. బండల సందులు, చెరువు గట్లు తగ్గిపోయాయి. అడవి పాము కనబడడం తగ్గింది కాని, ఇంట్లో పెంచుకునే పాముల మాట వినబడుతున్నది. అవి మన కొండచిలువలు కావు, పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్లు. ఘనా, టోగో, బెనిన్ దేశాల పాము. నాలుగైదు అడుగులకు మించదు. భయపడితే తల లోపల పెట్టుకుని బంతిలాగా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. సాధువైనదని ప్రపంచమంతటా పెంచుతున్నారు. 1992లో అమెరికాలో మొదటిసారి పెంపకంలో తెల్లజాతి పిల్లలు పుట్టాక, రంగురంగుల పిల్లల కోసం దీన్ని వ్యాపారంగా పొదిగించడం పెరిగిపోయింది. రంగు కోసం చేసే ఎంపికలో దోషాలూ వస్తాయి. ‘స్పైడర్’ అనే రంగు రకం పాములకు తల నిలవక వణికే జబ్బు పుట్టుకతోనే వస్తుంది.

ఈ పాము ఆడదానికి కూడా పైన చెప్పిన వరసే. పచ్చసొన పెరగడం, అండం విడుదలైన రోజు నడుము భాగం ఏదో మింగినట్టు ఉబ్బడం, కొన్ని వారాలకు కుబుసం విడవడం, ఆ తరువాత నెల రోజులకు అటూ ఇటూగా గుడ్లు పెట్టడం. గుడ్లు సుమారు ఆరు, అంతే. ఐతే ఒక తేడా ఉంది. ఇది గుడ్లను గట్టిగా చుట్టుకుంటుంది కాని, మన పెద్దపొడ చుట్టంలాగా వణికి వేడి పుట్టించదు. దాని సొంత దేశంలో నేల వేడిగానే ఉంటుంది కాబట్టి, ఆ చుట్ట ముఖ్యంగా తడి ఆరకుండా కాపాడుతుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆడపాము ఒళ్ళు నిండకముందే ఏటేటా గుడ్లు పెట్టించాలని చూసేవాడికి దాని లెక్క తెలియదనే చెప్పాలి. అమెరికాలో సెయింట్ లూయిస్ జంతుశాలలో అరవై రెండేళ్ళు పైబడిన ఒక బాల్ పైథాన్, పదిహేనేళ్ళకు పైగా మగ తోడు లేకుండానే, 2020 జూలైలో ఏడు గుడ్లు పెట్టింది. ఆడ కొండచిలువ ఒంటి లెక్కలు మనకు పూర్తిగా అందాయని ఎవరూ అనుకోనక్కరలేదు.

2023 సెప్టెంబరులో బెంగుళూరు కెంపేగౌడ విమానాశ్రయంలో, బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో కస్టమ్స్ అధికారులు 55 బాల్ పైథాన్లను, 17 నాగరాజులను పట్టుకున్నారు. అదే సామానులో ఆరు కాపుచిన్ కోతులు చచ్చి ఉన్నాయి. ముచ్చట కోసం కొనేవాడు ఆ పెట్టె లోపల ఏముందో చూడడు. మన చట్టం సంగతి కూడా చెబుతాను. మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టినా, పెంచినా, చంపినా నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ ప్రాణులు 2022 సవరణ ద్వారా, 2023 ఏప్రిల్ 1 నుంచి, ఈ చట్టం కిందికి వచ్చాయి. ఉన్నవాటిని, పుట్టినవాటిని అధికారులకు తెలిపి నమోదు చేయించాలి. ఆ నమోదుకు నియమాలు 2024లో వచ్చాయి.

కాలం అయిపోవస్తున్నది, ముగిస్తాను.

వేసవిలో పునాది తవ్వుతున్నప్పుడో, గట్టు చదును చేస్తున్నప్పుడో, పొద కొడుతున్నప్పుడో కదలకుండా చుట్టుకుని కూర్చున్న కొండచిలువ మీకు కనబడితే, ముందు పని ఆపండి. జనాన్ని దూరంగా నిలపండి. అది విషం లేని పామే కాని కరిస్తే గాయం లోతుగా ఉంటుంది, కనుక దగ్గరికి పోకండి. అటవీశాఖకు కబురు పెట్టండి. కబురులో ‘పాము ఉంది’ అని మాత్రమే చెప్పకండి. ‘గుడ్ల మీద ఉంది’ అని చెప్పండి. ఆ ఒక్క మాటతో వచ్చేవాళ్ళ పని తీరే మారిపోతుంది. వీలుంటే ఆ మూల రెండు నెలలు అలాగే వదిలేయమని అడగండి. పిల్లలు పుట్టాక తల్లి తానే వెళ్ళిపోతుంది. వదలడానికి వీలే లేకపోతే గుడ్లను కూడా దొర్లించకుండా, పెట్టిన తీరునే ఎత్తి జాగ్రత్త చేయమనండి.

మా బడిలో శీతల రక్త జంతువుల పాఠం వచ్చినప్పుడు నేను ఇప్పుడు ఇంకొక వాక్యం చేర్చి చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. ఆ తరువాత ఒక పని ఇస్తాను. ఇంటికి పోయి, గొర్రెలు కాసినవాళ్ళో, చేను కాపలా కాసినవాళ్ళో ఉంటే, పాము గురించి వాళ్ళు కంటితో చూసిందేమిటో అడిగి రాసుకురమ్మంటాను. పుస్తకానికి తేడాగా ఉన్నా కొట్టివేయవద్దు, అలాగే రాయండి అంటాను. విశాఖపట్నంలో రస్సెల్ చేసినది ఆ పనే. 1993 వేసవిలో ఆ రాతిగని దగ్గర నేను చేయవలసి ఉండినదీ ఆ పనే.

ఆ తాత ఇప్పుడు లేడు. ఆయనకు చెప్పుకోలేకపోయిన మాట ఈ రోజు మీకు చెప్పుకున్నాను.